రెక్కల మీద పేరు

జగ్గయ్యపేటలో సుస్మిత కట్టించుకున్న కొత్త ఇంట్లో గాలి కావాలంటే వెలుతురు వదులుకోవాలి, వెలుతురు కావాలంటే గాలి వదులుకోవాలి. రెండూ కావాలని పట్టుబట్టినవాళ్ళకి తలనొప్పి ఖాయం. పడకగదులన్నిటికీ ఫాల్స్ సీలింగ్ చేయించి, మధ్యలో లైటు కలిసి వచ్చే ఖరీదైన ఫ్యాను పెట్టి, దాని చుట్టూ గుండ్రంగా చిన్న చిన్న లైట్లు బిగించారు. ఆ లైట్లు రెక్కలకి పైన ఉన్నాయి. ఫ్యాను తిరగడం మొదలవగానే రెక్కల నీడలు మంచం మీదా, గోడల మీదా, మనిషి మొహం మీదా టపటపా పరిగెడతాయి. ఆ గదిలో పేపరు చదవలేరు, చీర మడత పెట్టలేరు. కాసేపు అలాగే ఉంటే కళ్ళు తిరిగి మంచం పట్టుకుని కూర్చోవాలి.

ఈ ముచ్చట కోసం విజయవాడ నుంచి సింధూర అనే ఇంటీరియర్ డిజైనర్ అమ్మాయిని పిలిపించారు. ఆ అమ్మాయి కంప్యూటర్లో చూపించిన గది నిజంగానే బాగుంది. కాకపోతే కంప్యూటర్లో ఫ్యాను తిరగలేదు. తిరిగితే ఎలా ఉంటుందని అడగాలని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. సుస్మిత భర్త నవీన్‌బాబు సిమెంటు వ్యాపారి, ఆయనకి గోడ ఎంత గట్టిదో తెలుసు గానీ నీడల సంగతి ఏం తెలుస్తుంది?

ఉక్కపోతతో అల్లాడుతున్న ఒక గురువారం పొద్దున సుస్మితకి అన్నయ్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అన్నయ్య వెంకటరత్నం నందిగామ దగ్గర పల్లెలో మిరపా పత్తీ పండించే రైతు. అమ్మా నాన్నా పోయాక సుస్మితకి పుట్టిల్లంటే ఆయనే.

"ఏమ్మాయ్, శనివారం వస్తన్నా. గృహప్రవేశం నాడు మిరపకోతలని నిలబడ్డ కాళ్ళ మీద ఎల్లిపోయాగా. ఈసారి రాత్రికుండి, నా ఫ్యాను కింద ఒక నిద్ర తీసి మరీ ఎల్తా."

"రా అన్నయ్యా, అడగాలా?" అంది సుస్మిత. అనేసరికి చేతిలో గరిటె ఆగిపోయింది.

"బాగా తిరగతందా?"

"బ్రహ్మాండంగా తిరుగుతోంది."

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది. అన్నయ్య ఇచ్చిన ఫ్యాను ఆ ఇంట్లో లేదు. ఏ రోజూ ఏ గదిలోనూ తిరగలేదు. వేదాద్రిలో గుడికి కాస్త అవతల ఉన్న ఒక నిత్యాన్నదాన సత్రం భోజనాల హాల్లో తిరుగుతోంది, అదీ ఆవిడ పేరూ, మొగుడి పేరూ రాసుకుని.

దీనికి మొదలు ఎక్కడో చెప్పాలి. ఇంటికి స్లాబు పోసే రోజు వెంకటరత్నం వచ్చాడు. కాంక్రీటు పడకముందే ఇనప చువ్వలకి ఫ్యాను కొక్కేలు కట్టేస్తారు కదా, ఆయన సెంట్రింగ్ చెక్కల మీదికి ఎక్కి ఆ కొక్కేలన్నీ చూశాడు. ఇది హాలుదా, ఇది పిల్లలదా అని అడిగి అడిగి చివరికి ఒక కొక్కెం మీద చెయ్యేసి, తాపీ మేస్త్రీలూ కూలీలూ వింటుండగా పెద్దగా ప్రకటించాడు. "ఇది మా అమ్మాయి పడగ్గదిది. దీనికి ఫ్యాను నేను తెస్తా. ఇంకెవరూ కొనబోకండి." అందరూ నవ్వారు. సుస్మిత కూడా నవ్వింది. పుట్టింటివాళ్ళు బట్టలు పెడతారు గానీ ఫ్యాన్లు పెట్టడం ఎక్కడా లేదని వేళాకోళం చేసింది.

ఆయన వేళాకోళానికి అనలేదు. గృహప్రవేశం రోజు బట్టల సంచీ ఒక చేతిలో, అట్టపెట్టె భుజం మీద పెట్టుకుని బస్టాండు నుంచి నడిచొచ్చాడు. అప్పటికే గదులన్నిటిలో సింధూర చెప్పిన ఫ్యాన్లు బిగించి, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉన్నాయి. అట్టపెట్టె మీద బొమ్మ ఉంది. చాక్లెట్ రంగు రెక్కలు, వాటి మీద బంగారు రంగు తీగలు, ఫంక్షన్ హాళ్ళలో కనిపించే రకం. నవీన్‌బాబు స్నేహితుల భార్యలు సోఫాలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు ఆ పెట్టెని చూసి సుస్మితకి సిగ్గేసింది. అవును, సిగ్గే. ఇంకో పేరు పెట్టి లాభం లేదు. "లోపల పెట్టించు అన్నయ్యా, తర్వాత చూద్దాం" అని దాన్ని మెట్ల కిందికి తోయించింది. వ్రతం అయ్యేదాకా ఆయన రెండు మూడుసార్లు ఆ మెట్ల వైపు చూడటం ఆవిడ గమనించింది. గమనించి, వడ్డన చూసుకోవాలని లేచి వెళ్ళిపోయింది.

పెట్టె మెట్ల కింద నెలల తరబడి ఉంది. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా మనసులో ఏదో గుచ్చుకునేది. మన వైపు ఇంట్లో పెట్టుకోలేనివీ, పారేయడానికి చెయ్యి రానివీ ఏం చేస్తారో అందరికీ తెలుసు. దేవుడికిచ్చేస్తారు. గోడ గడియారాలూ, కుర్చీలూ, అద్దాలూ గుళ్ళకి చేరేది సగం భక్తితో, సగం ఇంట్లో చోటు లేక. సుస్మితకీ అదే తోచింది. పారేసినట్టు కాదు, అమ్ముకున్నట్టు కాదు, పైగా పుణ్యం. పెట్టె విప్పకుండానే సత్రానికి పంపించింది.

ఇచ్చినవాళ్ళ పేరు రాయకుండా సత్రం మేనేజరు రత్తయ్య గారు పైన దేన్నీ వేలాడదీయనివ్వడు. "పేరు లేకపోతే ఎవరిచ్చారో దేవుడికి మాత్రం ఎట్టా తెలుస్తుందమ్మా?" అని ఆయన వాదన. పెయింటరు వచ్చి ఒక రెక్క మీద శ్రీ నవీన్‌బాబు అనీ, రెండో దాని మీద శ్రీమతి సుస్మిత అనీ, మూడో దాని మీద జగ్గయ్యపేట అనీ తెల్ల ఎనామిల్‌తో లావుగా రాశాడు. రత్తయ్య గారు ఫోన్‌లో ఫోటో పంపిస్తే సుస్మిత దాన్ని చూసుకుని ఆ రోజంతా తేలిగ్గా తిరిగింది. అంత తేలిగ్గా తిరిగినందుకే ఇప్పుడు తన మీద తనకి అసహ్యం వేస్తోంది.

ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి ఆవిడకి ఇంట్లో కాలు నిలవలేదు. అన్నయ్య వస్తాడు, చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాడు, నేరుగా పడగ్గదిలోకి నడుస్తాడు, తల పైకెత్తుతాడు. అక్కడిదాకా ఊహించి మళ్ళీ మొదటికొచ్చేది. తిడతాడన్న భయం కాదు. ఆయన తిట్టడు. చిన్నప్పుడు ఎవరైనా నొప్పించే మాటంటే ఆయన మొహం ఒక రకంగా అయిపోయేది, నవ్వీ నవ్వనట్టు. తన వల్ల ఆ మొహం రావడం తను చూడలేననుకుంది.

"ఉన్నదున్నట్టు చెప్పేయరాదూ? మీ అన్నయ్యేగా" అన్నాడు నవీన్‌బాబు, గోడౌన్‌కి బయల్దేరుతూ.

"అన్నయ్య కాబట్టే చెప్పలేనండీ" అంది సుస్మిత.

జగ్గయ్యపేటలో కరెంటు సామాన్ల దుకాణాలన్నీ తిరిగింది. విజయవాడకి ఫోన్లు చేసింది. ఇంటికి వైరింగు చేసిన సిలార్ ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ మోడలు ఆగిపోయిందమ్మా. కంపెనీవోళ్ళే చెయ్యట్లేదు. ఇట్టాంటిదే కావాలంటే ఇదొక్కటే ఉంది, వేదాద్రిలో."

"అయితే దాన్నే తెద్దాం" అంది సుస్మిత.

సిలార్ ఫోను తిరిగి ఆవిడ చేతిలో పెట్టేశాడు. "దేవుడి సత్రానికి ఇచ్చింది దించమంటన్నారు. ముందు మేనేజరు గారితో మీరే మాట్లాడండమ్మా. ఆయన సరేనంటేనే నేను నిచ్చెనెక్కుతా."

శుక్రవారం ఇద్దరూ వెళ్ళారు. సుస్మిత ఆటోలో, ఒళ్ళో కొత్త తెల్ల ఫ్యాను పెట్టె పెట్టుకుని. వెనక సిలార్ బండి మీద. దారి పొడుగునా ఏం చెప్పాలో నెమరు వేసుకుంది. రత్తయ్య గారి ముందు నిలబడేసరికి అబద్ధం వరసగా వచ్చేసింది. "ఆ ఫ్యాను గాలి సరిగా ఇవ్వదండీ. భోజనానికి కూర్చున్నవాళ్ళు ఉక్కపోస్తోందంటే నాకు పాపం. దాని బదులు మంచిది తెచ్చాను."

రత్తయ్య గారికి కళ్ళు చెమర్చినంత పనైంది. "ఇచ్చి మర్చిపోయేవాళ్ళే గానీ, ఇచ్చింది ఎట్టా ఉందో చూసుకునేవాళ్ళు ఎవరమ్మా ఈ రోజుల్లో? పెయింటరు రాగానే దీని మీదా మీ పేర్లు రాయిస్తా. చల్లగా ఉండాలి మీరు" అని రెండు చేతులూ ఎత్తి దీవించాడు. సుస్మిత ఆయన కాళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. దీవెన నెత్తిన పడుతుంటే తప్పుకునే దారి లేదు. సిలార్ అటు తిరిగి కొత్త ఫ్యాను వైరు మెలికలు ఊడదీస్తున్నాడు.

ఇంటికి తెచ్చాక అసలు తంటా మొదలైంది. పేర్లు చెరపాలని థిన్నర్ గుడ్డతో రుద్దితే అక్షరంతోపాటు కింద చాక్లెట్ రంగూ ఊడొస్తోంది. సుస్మిత కంగారుగా "రెక్కలు తిరగేసి బిగించరాదూ?" అంది. అలా బిగిస్తే గాలి మంచం మీదికి కాకుండా స్లాబు మీదికి కొడుతుందన్నాడు సిలార్. చివరికి కార్లకి కొట్టే స్ప్రే రంగు డబ్బా ఒకటి అదే రంగులో వెతికి తెచ్చి, అక్షరాల మీదనుంచే కొట్టాడు. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియట్లేదు. పెద్ద పడగ్గదిలో ఫ్యాను కదిలిస్తే సీలింగ్ ప్లాస్టరు రాలుతుందని, చుట్టాల గదిలో ఉన్నదాన్ని దించి దీన్ని ఎక్కించారు. కిటికీలు తీసి పెట్టినా గదంతా రంగు వాసన. అగరొత్తులు వెలిగించింది. అప్పుడు రంగు వాసనా, అగరొత్తుల వాసనా కలిసి ఇంకా అన్యాయంగా తయారైంది.

శనివారం సాయంత్రం వెంకటరత్నం మొహం కందగడ్డలా చేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. నవీన్‌బాబు ఇంకా గోడౌన్ నుంచి రాలేదు. సుస్మిత మంచినీళ్ళిస్తే గటగటా తాగి, గ్లాసు టక్కున కింద పెట్టాడు.

"ఏమైందన్నయ్యా?"

"మధ్యాన్నం వేదాద్రిలో దిగి, సామి దర్శనం చేసుకుని సత్రంలో భోంచేశాలే. నీకు చెప్పలేదుగానీ, పోయిన నెల్లో కూడా ఎల్లా. అప్పుడు తింటా తల పైకెత్తితే మీ ఇద్దరి పేర్లతో ఫ్యాను. నేను నీకు ఇచ్చిందే, అచ్చం అదే!" చెబుతుంటే కోపంలోనే ఆయన మొహం వెలిగింది. "నాకెంత ఆనందమేసిందో తెలుసా? మా అమ్మాయికి నా ఫ్యాను అంత నచ్చిందన్నమాట, వెతికి అట్టాంటిదే ఇంకోటి కొని దేవుడికిచ్చిందీ అనుకున్నా. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలీనోళ్ళకి కూడా చెప్పా. ఇది మా చెల్లెలు, మా బావగారు ఇచ్చిందని. ఇట్టాంటిది ముందు మా చెల్లెలికిచ్చింది నేనే, ఎంపిక నాదే అని కూడా చెప్పాలే."

సుస్మిత వంటింట్లోంచి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఇయ్యాల చూస్తే అది లేదు. తెల్లదేదో ఏలాడతంది, దాని మీద పేరూ లేదు ఊరూ లేదు. ఇదేంటని అడిగితే ఆ మేనేజరు ఏమన్నాడనుకున్నావ్? మీ చెల్లెలే వచ్చి పట్టుకుపోయిందండీ అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడికిచ్చింది ఎనక్కి తీసుకుపోయే రకం కాదయ్యా మా చెల్లెలు, ఎవరికి అమ్ముకున్నారో చెప్పండి, దాని మీద మాత్రం అభాండం ఎయ్యమాకండి అన్నా. పంక్తి మొత్తం లేచి చూసింది. పెద్దాయన, పాపం నిజమేనండీ అంటానే ఉన్నాడు. అయినా వదల్లా. దొంగముఖం అని కూడా అన్నా."

ఇదీ సందర్భం. ఇంతకంటే మంచి సందర్భం ఇంకోటి రాదు. నేనే తెచ్చాను అన్నయ్యా, ఆయన నిజమే చెప్పాడు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నిన్న తనని దీవించిన ముసలాయన తన మూలంగా నలుగురిలో దొంగ అనిపించుకున్నాడు. సుస్మిత నోరు తెరిచింది.

"కాఫీలో చక్కెర సరిపోయిందా అన్నయ్యా?" అంది.

"సరిపోయింది" అన్నాడు వెంకటరత్నం. తాగి, తుండుతో మూతి తుడుచుకుని లేచాడు. "ఏదీ, నా ఫ్యాను ఎక్కడ పెట్టిచ్చావు?"

గదిలోకి అడుగు పెట్టి ఆయన ముక్కు ఎగబీల్చాడు. కొత్త ఇల్లు కదా, ఇంకా రంగుల వాసన పోలేదంది సుస్మిత. పడగ్గదిలో పెట్టలేదేమని ఆయన అడగలేదు. తనే చెప్పింది, చుట్టాలొస్తే అందరూ చూస్తారని ఇక్కడ పెట్టించానని. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు చేసుకుంటూ పోవడం ఇంత తేలికా అని లోపల ఏడుపొచ్చింది. స్విచ్చులన్నీ వేసింది. ఫ్యాను తిరిగింది, పైన లైట్లు వెలిగాయి, నీడలు మొదలయ్యాయి. వెంకటరత్నం మంచం మీద వెల్లకిలా పడుకుని చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేందమ్మాయ్, మీద కాకులు ఎగిరినట్టుంది?"

"ఆ లైట్లు ఆర్పేసి మంచం పక్క లైటు వేసుకో అన్నయ్యా. లైట్లూ ఫ్యానూ కలిపి వేస్తే ఇంతే."

"ఇంత పెట్టి కట్టుకుని ఇదేం ఖర్మ?" అని నవ్వి, పక్క లైటు వేసుకున్నాడు. గాలి చాలా బాగా వస్తోందని రెండుసార్లన్నాడు. భోజనాల దగ్గర బావగారితో పత్తి సంగతులు మాట్లాడాడు. తర్వాత ఆయన ఆ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాక, హాల్లో ఉన్న సుస్మితకి ఫ్యాను చప్పుడు ఆగిపోయినట్టు వినిపించింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. అన్నయ్యకి చలేసిందేమో అనుకుంది. అంత ఉక్కలో చలేమిటని ఆలోచించే ధైర్యం లేకపోయింది.

పొద్దున ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. ఇడ్లీ తిన్నాడు, పచ్చడి బాగుందన్నాడు. సుస్మిత బస్టాండు దాకా తోడొచ్చింది. నందిగామ మీదుగా పోయే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, పొద్దున్నే సత్రం పెద్దాయనకి ఫోన్ చేశా. నిన్న తొందరపడి నోరు జారానండీ, ఫ్యాను మా చెల్లెలే తెచ్చింది, మా ఇంట్లో ఫ్యాను కాలిపోతే నేనే తెమ్మన్నా, ఆ సంగతి మర్చిపోయి మీ మీద పడ్డా, క్షమించండీ అని చెప్పా. నువ్వెప్పుడన్నా అటు పోతే నువ్వూ అదే చెప్పు. ఇద్దరం ఒకటే మాట మీద ఉండాలి. లేకపోతే నీకు మాటొస్తుంది."

సుస్మిత కిటికీ చువ్వ పట్టుకుంది.

"నీకెప్పుడు తెలిసింది అన్నయ్యా?"

"రాత్రే. ఫ్యాను ఎట్టా బిగిచ్చారో చూద్దామని ఆపా. పక్క లైటు ఎలుగులో అక్షరాలు ఉబ్బి కనపడినయ్. ఇంకో పూత ఎయ్యించు, చుట్టాలెవరన్నా చూస్తే బాగుండదు."

"నాకు సిగ్గేసింది అన్నయ్యా, ఆ రోజు అందరి ముందూ. పెట్టె కూడా విప్పలేదు నేను. నన్ను తిట్టు."

ఆయన మొహం ఆ రకంగా అయింది, నవ్వీ నవ్వనట్టు. ఏది చూడకూడదని ఇన్ని అబద్ధాలాడిందో అదే మొహం.

"నచ్చలేదని అప్పుడే అంటే మార్చి తెచ్చేవాణ్ణిగా అమ్మా. షాపతను మారుస్తానన్నాడు. వ్రతం అయిందాకా బిల్లు జేబులోనే పెట్టుకుని కూర్చున్నా, పెట్టె విప్పుతావేమోనని." డ్రైవరు హారన్ కొట్టాడు. "ఎండెక్కతంది. ఇంటికి పో" అన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. సుస్మిత ఇంటికి పోలేదు. అన్నయ్య అబద్ధం చెప్పడం ఆవిడ జీవితంలో వినలేదు. పత్తిలో తడి ఉంటే కొనేవాడికి ముందే చెప్పి ధర పోగొట్టుకునే మనిషి. ఆయన తెల్లారగట్ల లేచి, తన ఇంట్లోనే కూర్చుని, తన కోసం ఒక కట్టుకథ అల్లి పరాయి మనిషికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ అబద్ధం ఆయన మెడలో వేలాడుతుంటే తను ఎలా అన్నం తింటుంది? నిజం చెప్పేయాలి. ఈసారి ఎవరి ముందైనా సరే, ఎంతమంది ఉన్నా సరే. ఆటో మాట్లాడుకుని నేరుగా వేదాద్రి వెళ్ళింది.

మధ్యాహ్నం పంక్తి నడుస్తోంది. రత్తయ్య గారు సాంబారు బకెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. సుస్మిత ఆయన ముందుకెళ్ళి చేతులు జోడించింది. గొంతు తగ్గించలేదు.

"రత్తయ్య గారూ, మా అన్నయ్య పొద్దున మీకు చెప్పింది నిజం కాదండీ. ఆయన ఫ్యాను తెమ్మనలేదు. అది అసలు ఆయన నాకు గృహప్రవేశానికి పెట్టింది. నాకు నచ్చక మీకు అంటగట్టాను. ఆయన వస్తున్నాడని భయపడి మీకు అబద్ధం చెప్పి తీసుకెళ్ళాను. నిన్న మిమ్మల్ని అన్ని మాటలన్నానని ఆయన వచ్చి చెప్పినా నేను నోరెత్తలేదు. తప్పు నాదండీ."

తింటున్నవాళ్ళు చేతులాపి చూశారు. రత్తయ్య గారు ఆశ్చర్యపోలేదు. ఆయన మొహం నిండా మెల్లగా నవ్వు పరుచుకుంది.

"మీ అన్నగారు చెప్పారమ్మా, మీరిట్టా వస్తారని."

"ఏం చెప్పారు?"

"మా చెల్లెలు మనసు ఊరుకోదండీ, ఇయ్యాలో రేపో వచ్చి తప్పంతా తనదేనంటది, నా మీద మాట పడనివ్వదు, చిన్నప్పటి నుంచీ అంతే, మీరు నమ్మబోకండి అని మరీ మరీ చెప్పారు." ఆయన పంక్తి వైపు తిరిగాడు. "నిన్న ఫ్యాను గురించి గొడవైందే, ఆ అమ్మ ఈవిడేనండీ. అన్న మీద ఈగ వాలనివ్వట్లేదు చూడండి."

"కాదండీ, నిజంగానే..."

"తెలుసు తల్లీ, తెలుసు."

"నా మాట వినండి. పోనీ ఆ కొత్త ఫ్యాను మీద మా పేర్లు వద్దు. మా అన్నయ్య పేరు రాయించండి."

"అదిగో!" అన్నాడు రత్తయ్య గారు పరవశంగా. ఎవరో ముసలావిడ ఎంగిలి చెయ్యి వెనక పెట్టుకుని, ఎడం చేత్తోనే సుస్మిత వైపు దణ్ణం లాంటిది పెట్టింది. ఇంకెవరో అన్నాచెల్లెళ్ళంటే ఇలా ఉండాలన్నారు. ఆవిడ ఏం మాట్లాడినా అది పుణ్యం కిందే జమ అవుతోంది. గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే దాన్ని కూడా ప్రేమే అంటారు.

సుస్మిత గోడ పక్కన కూలబడింది. భోజనానికి కూర్చుందనుకుని వడ్డించే అతను ముందు ఆకు పరిచాడు. నీళ్ళు చల్లి, అన్నం పెట్టి, పప్పు వేశాడు. దేవుడి సత్రంలో వేసిన విస్తరి ముందునుంచి తినకుండా లేవకూడదు. రత్తయ్య గారు దగ్గరుండి నెయ్యి వేయించాడు. "కడుపునిండా తినమ్మా" అన్నాడు. సుస్మిత కలుపుకుని, ఒక్కో ముద్దా మింగింది.